మగ్గాల చెవుడు

జూట్ మిల్లులో మగ్గాల షెడ్డంటే
ఒకడి మాట ఇంకొకడికి అందని చోటు.
నూట అరవై మగ్గాలు ఒక్కపెట్టున పళ్లు కొరికితే
చెవులతో ఇక పనిలేదు,
పెదాలు చూసుకోవాల.
చేరిన మూడో నెలకే నేర్చీసుకున్నాం
నేనూ, బెవర సన్యాసప్పడూ.
"పోగు తెగిపోనాదిరా" అంటాడు వాడు ఆ వరసలోంచి,
"సూపర్‌వైజరొస్తన్నాడు" అంటాను నేను ఈ వరసలోంచి,
గొంతు లేకండా.

యూనియన్ పెట్టిందీ అలాగే.
కాగితం లేదు, మీటింగు లేదు.
బి షిఫ్టులో ఒక నోటి నుంచి ఇంకో నోటికి
మగ్గం మగ్గం దాటుకుంటూ పోయింది మాట.
రాత్రి పది కూతకి గేటు దగ్గర నాలుగొందలమంది.
"ఎవడ్రా చెప్పింది?" అన్నాడు మేనేజరు.
ఎవడి గొంతూ మేం విన్లేదు బాబూ అన్నాం.
అబద్ధమేటి అందులో?

మైకిచ్చినా వాడు
మగ్గాల మీంచి కేకేసినట్టే కేకేస్తాడు.
పీఎఫ్ బకాయిల సమ్మె డెబ్బైరెండు రోజులు.
నేను రసీదు పుస్తకం పట్టుకుని
గంటస్తంభం దగ్గర రూపాయీ రెండ్రూపాయలూ పోగేసి
గంజికి నూకలు కొనేవాణ్ణి.
వాడు కలెక్టరాఫీసు మెట్ల మీద
గొంతు జీరపోయి, నెత్తురు ఉమ్మి,
మళ్లీ మొదలెట్టేవాడు.
ఆ ఏడే ఓట్లొచ్చేయి.
చంపావతికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ కాలినడకన తిరిగి
గెలిచేడు.

అసెంబ్లీలో మొదటిరోజే
"సభ్యులు నెమ్మదిగా మాట్లాడాలి, మైకు పనిచేస్తోంది" అన్నారట స్పీకరుగారు.
సభంతా నవ్విందట.
టీ కొట్టు దగ్గర చెప్తూ వాడూ నవ్వేడు.
నాకు నవ్వు రాలేదు.

లాకౌటు పడ్డ ఏడు,
అవతలి వరసలో మంత్రిగారు
అరచెయ్యైనా అడ్డం పెట్టుకోకండా
పక్కాయన చెవిలో ఊదిన మాట
వీడు ఇవతల్నుంచి చదివేసేడు:
"స్థలం ప్లాట్లకే. మిల్లు తెరవరు."
లేచి, ఆ గొంతుతోనే,
ఉన్నదున్నట్టు అప్పజెప్పేడు.
ఆధారమేదన్నారు.
"పెదాలండి" అన్నాడు.
రికార్డుల నుంచి తీసేసేరు.
ఆ కాగితం నేను చూసేను.
వాడి పేరు, పేరు పక్కన చుక్కలు,
చుక్కలు, చుక్కలు,
ముడెయ్యడానికి దొరకని పోగులాగ.

రెండోసారీ గెలిచేడు.
ఈసారి రాజధానిలో ఎవరో పెద్ద డాక్టరు
చెవికి మిషను పెట్టేడు.
అప్పట్నుంచీ వాడికి
మెల్లటి మాటలు వినపడ్డం మొదలైంది.
వాడి గొంతు కూడా మెత్తబడింది.
మంచిదేలే, వయసొచ్చింది అనుకున్నాం.

ఒప్పందం రోజు కారులో వచ్చేడు.
మే నెల, మిట్టమధ్యాన్నం.
గేటు లోపల లేబరాఫీసరుతో మాట్లాడుతూ
భుజం మీది తువ్వాలు తీసి
నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

అంతే.
జాబితా చదవక ముందే నాకు తెలిసిపోయింది.
పదకొండొందల్లో రెండొందల నలభై మంది
"స్వచ్ఛందంగా" తప్పుకున్నారు.
నూట పదిహేడో పేరు నాది.

మూడోసారి ఓడేడు. డిపాజిట్టు కూడా రాలేదు.
మిల్లు ఒక్క షిఫ్టు నడుస్తోంది, సగం మగ్గాలు.
వాడు గేటు ముందు బల్లేసుకుని
అడిగినవాళ్లకి పీఎఫ్ కాగితాలు నింపుతున్నాడు.
ఏడాది పాటు నేను ఆ వేపు పోలేదు.
మొన్న పోయేను. పింఛను ఊరికే వదులుకుంటానా?

మిషను తీసి జేబులో పడీసి ఉంది,
బేటరీ అయిపోయిందో, విసుగెత్తిందో.
"రిజిస్టర్లో ఉన్నట్టు పేరు చెప్పు" అన్నాడు
తలెత్తకండా.
నేను పలకలేదు. తలెత్తేడు.
అప్పుడు, గొంతు లేకండా,
దత్తి గురువులు, అన్నాను.
ఒక్క తప్పు లేకండా రాసేడు.

పెన్ను మూసి, నా కేసి చూసి,
వాడూ ఏదో అన్నాడు, అలాగే.
తువ్వాలు భుజం మీదే ఉంది.
చదివేను.
ఇక్కడ రాయను.
టీ డబ్బులు వాడే ఇచ్చేడు.